రెండో పిడి

"సయ్యా బాబాయ్?"

"సై."

ఆ మాట చెవిన పడ్డాకే ఆయా పెద్దాయన ఒంటి కిందికి జరిపిన బల్ల పిడిని రెండు చేతులా పట్టుకుంది. మోకాలు మంచం అంచుకు ఆనించి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, ఊపిరి బిగబట్టి లేపింది. పెద్దాయన భుజం లేచింది, దాని వెంట వీపు లేచింది. నడుము మాత్రం కాసేపు ఉన్నచోటే ఉండి, ఆ తర్వాత దుప్పటి మీద రాసుకుంటూ వచ్చింది. ఆయన పళ్లు కరుచుకున్నాడు. ఆయా ఆ ముఖం చూడకుండా గబగబా వీపు వెనక దిండు కూరి, మోకాళ్ల మధ్య ఇంకో చిన్న దిండు పెట్టి, బల్లను మెల్లగా బయటికి లాగింది.

"అయిపోయింది బాబాయ్."

"నీ నడుం ఉందా, ఊడిందా?"

"ఉంది. రేపటిక్కూడా కావాలిగా."

మంచాన పడ్డ ముసలివాళ్లను చూసుకునే హోమ్ అది. మెట్లెక్కగానే పొడుగాటి వరండా, వరండాకు ఒకే వైపు గదులు. చివరి గది ఈయనది. ఆయా పొట్టి మనిషి. బక్కగా ఉంటుంది గాని మణికట్లు మాత్రం మగవాడి మణికట్లలా వెడల్పు. పెళ్లి కావలసిన వయసులో ఇక్కడ చేరి, జుట్టు నెరిసేదాకా ఇక్కడే మనుషులను అటూ ఇటూ తిప్పుతూ బతికింది. తిప్పకపోతే ఒళ్లు పుండు పడుతుంది. ఎముక ఉన్నచోట చర్మం ముందు ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాత గొయ్యి పడుతుంది. మొన్నమొన్నటిదాకా ఆమె చేతిలో ఎవరికీ గొయ్యి పడలేదు. ఆ సంగతి ఎవరూ ఆమెతో అనలేదు. పడని పుండు గురించి ఎవరంటారు?

మనిషిని లేపడానికి బలం కన్నా చోటు ముఖ్యమని ఆమెకు చేతులే నేర్పాయి. ఎక్కడ చెయ్యి వేస్తే భుజం తనంతట తాను తిరుగుతుందో, ఏ మోకాలు మడిస్తే నడుము మాట వింటుందో ఆ చోట్లన్నీ ఆమెకు తెలుసు. కానీ ఈ పెద్దాయన ఆ చోట్లకు లొంగే మనిషి కాడు. పక్షవాతంతో ఒక పక్క పడిపోయినా, మనిషి మాత్రం ధాన్యం బస్తాలు రెండు కలిపి కుట్టినట్టుంటాడు. పడకముందు సరుకుల యార్డులో క్రేను నడిపేవాడు. హోమ్‌లో అందరూ క్రేనాయన అంటారు.

వచ్చిన మొదటిరోజే ఆయన ఆయాకు కట్టడి పెట్టాడు. "కింద ఉన్నవాడు సై అననిదే నేను ఒక్క డబ్బా పైకెత్తలేదు. ఇప్పుడు కింద ఉన్నవాణ్ణి నేను. నేను సై అంటేనే ఎత్తాలి." ఆమె నవ్వి సరేనంది. అప్పటినుంచి అడక్కుండా తిప్పిన పూట లేదు.

బల్ల కూడా ఆయన ఆలోచనే. తలుపులు బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగిని పిలిపించి, విరిగిన అలమారా తలుపొకటి భుజం నుంచి మోకాలి దాకా వచ్చేలా కోయించాడు. చిత్రిక పట్టించి, ఈ చివర ఒక పిడి, ఆ చివర ఒక పిడి బిగించాడు. ఒళ్లు కిందికి బల్ల జరిపి, ఇద్దరు ఆడవాళ్లు చెరో పిడి పట్టుకుని ఒక్కసారి లేపితే అంత మనిషీ వెన్నలోంచి వెంట్రుక లాగినంత తేలిగ్గా పక్కకు తిరిగేవాడు. ఆయా, అప్పట్లో ఆ అంతస్తులోనే పనిచేసే రెండో ఆయా మొదటిసారి అలా తిప్పిన రోజున ముగ్గురూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

ఆ నెల తిరక్కుండానే మేనేజరు రెండో ఆయాను మానిపించాడు. అంతస్తుకు ఒక్క ఆయా చాలునట. చాలునని కుర్చీలో కూర్చుని చెప్పాడు. ఆ కుర్చీకి చక్రాలున్నాయి, కాలితో తంతే అదే తిరుగుతుంది. మనుషులు కూడా అలాగే తిరుగుతారనుకున్నాడో ఏమో! అలా అనుకునేవాణ్ణి ఒక్క పూట, ఒక్క పూటంటే ఒక్క పూట ఆ బల్ల దగ్గర నిలబెడితే బాగుండును. నిలబెట్టేవాళ్లు లేరు. ఆయా ఒక్కతే మిగిలింది. చేతులు బార్లా చాపితే రెండు పిడులూ అందుతాయి గాని, అలా చాపిన చేతుల్లో బలం ఉండదు. అందుకని భుజం వైపు పిడి పట్టుకుని లేపడం మొదలుపెట్టింది. నడుము వెనకబడి రాసుకుపోయింది. రాసుకున్న చోట చర్మం ఎర్రబడింది, నల్లబడింది, గొయ్యి పడింది.

ఆమె చేతుల్లో పడిన మొదటి పుండు అది. దానికి మందు రాస్తున్నప్పుడల్లా ఆమెకు అసహ్యం వేస్తుంది. పుండు చూసి కాదు, తన చేతుల్ని చూసుకుని.

ఇవాళ పొద్దున ఆయన ఒళ్లు వెచ్చగా తగిలింది. పుండు దగ్గర వాసన కూడా మారింది. చేతులు కడుక్కుని ఆమె కింద మేనేజరు గదికి వెళ్లింది. అతను ఫోనులో మాట్లాడుతూ, ఆగమని వేలు చూపించాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"వస్తోంది సార్ క్రేనాయన కూతురు, పదకొండింటికి. మొన్న వచ్చినప్పుడు పుండు ఫోటోలు తీసుకుంది. పైవాళ్లకి కంప్లెయింటు ఇస్తానంటోంది... అవును, ప్రస్తుతానికి లెవరేజ్ ఆవిడ చేతిలోనే ఉంది. కానీ మనకీ ఉందిగా. ఆయా దగ్గర మనకి లెవరేజ్ ఉంది. నేను చూసుకుంటాను."

ఫోను పెట్టేసి అతను నవ్వాడు. మామూలుగా ఆమెను చూసి నవ్వే మనిషి కాదు. కూర్చోమన్నాడు కూడా. ఆమె కూర్చోలేదు.

"సార్, క్రేనాయనకి జ్వరం తగిలింది. డాక్టరుగారిని ఇవాళే పిలిపిస్తే..."

"వారంలో ఎలాగూ వస్తాడుగా, అప్పుడు చూపిద్దాం. అది కాదమ్మా, నీతో ఒక చిన్న మాట. ఆయన కూతురు వస్తోంది. నిన్ను అడుగుతుంది. నువ్వేం అబద్ధాలు చెప్పక్కర్లేదు. ఆయనే తిప్పనివ్వట్లేదు, ముట్టుకుంటే అరుస్తున్నాడు అను. అంతే."

"ఆయన ఎప్పుడూ వద్దనలేదు సార్."

"ముసలాళ్లు అనకుండా ఉంటారా ఏంటి?" మేనేజరు బల్ల మీది పెన్నును నిలువుగా ఉన్నదాన్ని అడ్డంగా పెట్టాడు. "అన్నట్టు, మెట్ల కింద గది సామాన్లు పెట్టుకోడానికి కావాలని అడుగుతున్నారు. నేనే ఆపుతున్నా. పాపం, మీ చెల్లెలు ఉంటోంది కదా అని."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్న రకం మనిషి అతను. ఆమె జుట్టు ఎక్కడుందో అతనికి బాగా తెలుసు.

మెట్ల కింద గదిలో ఆమె చెల్లెలు ఉంటుంది. దానికి నలభై దాటినా అక్కాచెల్లెళ్లిద్దరూ ఇంకా చిన్నది అనే చెప్పుకుంటారు. చిన్నది తన గురించి తానే "చిన్నదానికి ఆకలేస్తోంది" అంటుంది. బుద్ధి ఎదగలేదు. కొత్త చోటికి తీసుకెళితే గోడలు అదిరేలా కేకలు పెడుతుంది. ఆ కేకలకు అద్దె ఇళ్లు ఒకటి తర్వాత ఒకటి ఖాళీ చేయవలసి వచ్చింది. ఒకసారి ఇరుగుపొరుగు వాళ్లు చిన్నదాన్ని తాళం వేసి ఉంచే చోటొకదానికి పంపారు. ఆయా వెళ్లి తెచ్చుకునేసరికి దాని తలంతా గొరిగేసి ఉంది. ఇక్కడ మెట్ల కింద, నెత్తికి తగిలే ఆ ఏటవాలు కప్పు కింద, ఎందుకో గాని దానికి భయం వెయ్యలేదు. పగలంతా కూర్చుని ఉతికిన దిండుగలీబులు మడతపెడుతుంది. అంచుకు అంచు తేడా రాదు. ఆ పనికి దానికి జీతం లేదు, గది ఇవ్వడమే జీతమట. ఇచ్చేవాడు దాన్ని దయ అని పిలుచుకుంటే, దాని ముందు తల వంచి నిలబడ్డం కూడా ఆయా నేర్చుకుంది. ఆ దయ ఉరితాడని ఇవాళ తెలిసింది.

ఆమె పైకి వచ్చేసింది. క్రేనాయన గదిలో నీళ్ల జగ్గు ఉన్నచోటు నుంచి తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

"ఏంటమ్మాయ్, జగ్గుతో పోట్లాట?"

"బాబాయ్, లెవరేజ్ అంటే ఏంటి?"

ఆయన వంకరపోయిన నోటితోనే నవ్వాడు. "మా పనిలో మాటే! లివరు ఉంది చూడు, మీట. పెద్ద బండ ఉంది, చేతులతో కదలదు. కింద ఓ పలుగు దూర్చి, పలుగు కింద ఆనడానికి చిన్న రాయి పెట్టి, ఈ కొసన నొక్కితే బండ లేస్తుంది. పలుగు ఎంత పొడుగుంటే నీకు కష్టం అంత తక్కువ. ఆ సులువే లెవరేజ్. ఎవడన్నాడు?"

"మేనేజరు. నా దగ్గర వాళ్లకి అది ఉందంట."

పెద్దాయన నవ్వు ఆగింది.  అసలేం జరిగిందో చెప్పమన్నాడు. ఆమె మొదట చెప్పనంది, తర్వాత అంతా చెప్పేసింది. ఆయన దగ్గర ఆమె నోట నువ్వుగింజ నానదు.

"మేం ఇనుముతో ఇనుముని ఎత్తాం," అన్నాడాయన నెమ్మదిగా. "వీళ్లు మనిషిని పెట్టి మనిషిని ఎత్తుతున్నారు. నీ చెల్లెల్ని ఆనుడు రాయి చేసి నిన్ను లేపుతాడు, నిన్ను పెట్టి నా కూతుర్ని లేపి అవతల పడేస్తాడు. తను మాత్రం వేలితో నొక్కుతాడు. తూ!"

"నేను చెప్పను బాబాయ్. నా నోట రాదు ఆ మాట."

"నువ్వు చెప్పొద్దు. నేను చెప్తా."

"ఏం చెప్తావు?"

"నేనే వద్దన్నానని. నా ఒళ్లు, నా పుండు. నా నోటితో నేను చెబితే అది అబద్ధమని ఎవరంటారు?"

"వద్దు బాబాయ్. అది ఘోరం."

"చిన్నది వచ్చి మొన్న నా దిండుకి గలీబు తొడిగింది. చూశావా ఆ మడత? క్రేను పట్టీ కూడా నేనంత సాఫీగా వేసి ఎరగను," అని ఆయన కళ్లు మూసుకున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. ఆమె తడిగుడ్డ నుదుటి మీద వేసింది.

కూతురు పదకొండు దాటాక వచ్చింది. బస్సు డిపోలో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చునే మనిషి. సెలవు దొరక్క, కాసేపటి అనుమతి మీద పరుగెత్తుకొచ్చింది. యూనిఫాం మీదే ఉంది. తండ్రిని ఇంట్లో ఉంచుకోవాలని మొదట్లో చాలా ప్రయత్నించింది. ఒక్కదాన్నే లేపలేక ఒకరోజు ఆయనతో పాటు తానూ నేలమీద పడి, పొరుగువాళ్లు వచ్చేదాకా ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఆ తర్వాతే ఇక్కడ చేర్చింది. వెనకాలే మేనేజరు వచ్చి, చేతులు కట్టుకుని, ముఖం నిండా విచారం పులుముకుని నిలబడ్డాడు.

"ఆయమ్మా, నిజం చెప్పు. మా నాన్నని రోజూ తిప్పుతున్నారా, లేదా?"

ఆయా నోరు తెరిచింది. మింగలేక కక్కలేక నిలబడింది. అంతలో మంచం మీంచి మాట వచ్చింది.

"ఆవిణ్ణి అంటావేంటి? నేనే తిప్పనివ్వలేదు. నొప్పి అని వద్దన్నా."

"నువ్వా?"

"నేనే. బతిమాలింది. తిట్టి పంపించేశా."

కూతురు ముఖం ఎర్రబడింది. తెచ్చుకున్న కోపమంతా ఎటు తిప్పాలో తెలియక ఆయన మీదికే తిప్పింది. "నాన్నా, నీ మొండితనంతో నా ప్రాణం తీస్తున్నావు! ఊరంతా తిరిగి నేను మాటలు పడుతుంటే, నువ్విక్కడ... ఛీ!" కళ్ల నీళ్లు తుడుచుకుంది. "ఆదివారం వస్తా. ఈలోపు ఆయమ్మ చెప్పినట్టు విను." వెళ్లేటప్పుడు ఆయన చెంప నిమరడం ఆమె అలవాటు. ఇవాళ నిమరలేదు. మేనేజరు మర్యాదగా తలుపు పట్టుకుని నిలబడి, ఆమె దాటాక ఆయా వైపు తిరిగి తల ఆడించాడు, బాగా చేశావన్నట్టు.

ఆయాకు ఆ తల ఆడించడం చెంపదెబ్బలా తగిలింది. తాను ఏం చేసిందని? నోరు మూసుకుంది. మంచాన పడ్డ మనిషి ఆమె వంతు బరువు కూడా ఎత్తితే, రెండు కాళ్ల మీద నిలబడ్డ తాను చూస్తూ ఊరుకుంది.

"చూశావా," అన్నాడు పెద్దాయన, గొంతు బాగా తగ్గించి. "క్రేను ఇంకా పనిచేస్తోంది."

ఆమె నవ్వలేదు. రెండుసార్లు కిందికి వెళ్లి డాక్టరు కోసం అడిగింది. మొదటిసారి మేనేజరు చూద్దామన్నాడు. రెండోసారి అతను భోజనానికి వెళ్లాడన్నారు. మిగిలిన గదుల్లో మిగిలిన మంచాలున్నాయి, మిగిలిన ఒళ్లున్నాయి. ఒకరికి తడిబట్టలు మార్చి, ఒకరికి చెంచాతో పాలు పట్టి, ఒకరి గోళ్లు తీసి, ఎండ వరండా దాటి గోడ ఎక్కే వేళకు ఆమె మళ్లీ చివరి గదికి వచ్చింది. బల్ల తీసి ఒళ్లు కిందికి జరిపింది. పిడి పట్టుకుంది.

"సయ్యా బాబాయ్?"

జవాబు లేదు. నిద్రపోయాడనుకుంది. ఇంకొంచెం గట్టిగా అడిగింది. ఆ తర్వాత మూడోసారి అడగలేదు. పిడి వదిలేసి, మంచం అంచున కూర్చుని, ఇంకా చల్లబడని ఆ చెయ్యిని తన ఒళ్లో పెట్టుకుంది.

కబురందుకుని కూతురు మళ్లీ వచ్చేసరికి వరండాలో దీపాలు వేస్తున్నారు. అదే యూనిఫాం. ఏడవడం లేదు. చెంప నిమిరిన చెయ్యి తీయకుండా నిలబడిపోయింది. మేనేజరు వయసు గురించి, వేళ గురించి నాలుగు మాటలు చెప్పి, గది తొందరగా ఖాళీ చెయ్యాల్సి ఉంటుందని ఐదో మాట కూడా చెప్పి వెళ్లాడు.

"ఒళ్లు తుడవాలమ్మా," అంది ఆయా. "మీరు బయట కూర్చోండి."

"నేనూ ఓ చెయ్యి వేస్తా."

బల్ల కిందికి జరిపారు. ఆయా అలవాటుగా భుజం వైపు పిడి అందుకుంది. కూతురు రెండో పిడి పట్టుకుంది. ఆయా ఇన్నాళ్ల అలవాటు కొద్దీ, ఎవరిని అడుగుతోందో మరిచిపోయి అనేసింది:

"సయ్యా బాబాయ్?"

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ ఆ మాట వింటూ పెరిగిన పిల్ల ఆ కూతురు. చిన్నప్పుడు ఎత్తుకోబోయే ముందు తండ్రి అడిగిన మాట అది. తండ్రి బదులు ఆమె నోటి నుంచే వచ్చింది.

"సై."

ఇద్దరూ లేపారు. అంత మనిషీ ఒక్క కదలికలో, ఎక్కడా రాసుకోకుండా, పక్కకు తిరిగాడు. కూతురు ఆశ్చర్యంగా తన చేతుల వైపు చూసుకుంది.

"ఇంత తేలికా?"

"ఇద్దరుంటే తేలికేనమ్మా."

వీపు కింద పుండు కనిపించింది. కూతురు దాన్ని చూసింది, బల్లను చూసింది, ఆయా ముఖం చూసింది. ఆయాకు ఇక ఆగలేదు.

"మీ నాన్న ఏనాడూ వద్దనలేదమ్మా. ఒక్కపూట కూడా అనలేదు. రెండో మనిషిని తీసేశారు. నేనొక్కదాన్నే లాగితే ఆ చోట రాసుకుపోయింది. పొద్దున జ్వరమని చెప్పినా డాక్టర్ని పిలవలేదు. ఆ మాట మీ ముందు చెబితే నా చెల్లెల్ని మెట్ల కిందనుంచి తీసేస్తామన్నారు. అది విని మీ నాన్న ఆ అబద్ధం ఆడాడు. నా కోసం."

కూతురు గుడ్డ పిండి పుండు చుట్టూ తుడిచింది.

"నేను పొద్దున తిట్టి వెళ్లాను," అంది కూతురు. తర్వాత తలెత్తి, "అప్పుడే నువ్వు నోరు విప్పి ఉంటే?" అని అడిగింది.

 ఆయా దగ్గర ఉన్న జవాబులన్నీ చిన్నవి. "ఇకనుంచి ఎక్కడైనా చెబుతానమ్మా. ఎవరి ముందైనా సరే," అంది.

తలుపు దగ్గర మేనేజరు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. "ఏమ్మా, మీ చెల్లెలి సంగతి మర్చిపోయావా?" అన్నాడు, ఇంకా మెత్తగానే.

"మర్చిపోలేదు సార్. దాన్ని తీసుకునే వెళ్తున్నా."

అతని వేలు నొక్కడానికి ఇంకేదైనా దొరుకుతుందేమోనని గాలిలో తడుముకున్నట్టు కనిపించింది. ఆనుడు రాయి తీసేశాక పలుగు వట్టి ఇనపముక్క. అయినా దానికి ఆమె చెల్లిస్తున్న మూల్యం చూస్తే మండిపోతుంది. తప్పు చేసినవాడు చక్రాల కుర్చీలోకి తిరిగి వెళ్తాడు, నిజం చెప్పినమ్మ ట్రంకుపెట్టెతో రోడ్డు మీదికి వెళ్తుంది. ఎక్కడి లెక్క ఇది? ఎవరు రాశారు?

రెండో ఆయా ఊరి చివర రేకుల గదిలో ఉంటుంది. ఉన్నంతలో సర్దుకుందాం, వచ్చెయ్యమని ఎన్నాళ్లుగానో పోరుతోంది. మెట్ల కింద గదిలోంచి చిన్నదాన్ని లేపడానికి ఆయాకు ఎక్కడ చెయ్యి వెయ్యాలో ఆ సాయంత్రం తెలియలేదు. అది కప్పుకు తల ఆనించి, మడతపెట్టిన గలీబును గుండెకు హత్తుకుని, "చిన్నది రాదు, చిన్నది రాదు" అంది. బతిమాలి, కోప్పడి, చివరికి తానూ ఏడ్చి, చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. గేటు దాటగానే అది కేకలు పెట్టింది. వీధిలో జనం ఆగి చూశారు. ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో చెల్లెలు, ఆయా వెనక్కి చూడకుండా నడిచింది. ఆ కేకలు మలుపు తిరిగేదాకా వరండాలోకి వినిపిస్తూనే ఉన్నాయి.

పై అంతస్తులో చివరి గది ఖాళీ చేశారు. పరుపు ఎండకు వెయ్యడానికి తీసుకుపోయారు. బల్లను ఎవరో గోడకు చేరవేసి మరిచిపోయారు. దాని ఒక పిడి చేతుల చెమటకు నల్లబడి నున్నగా మెరుస్తోంది, రెండో పిడి మీద ఉలి గీతలు ఇంకా తెల్లగా ఉన్నాయి.